ముక్కు చెప్పే సాక్ష్యం

మార్చి నెల సగమయ్యేసరికి మా ఉట్నూరు చుట్టుపక్కల అడవిలో ఇప్పచెట్లు పూతకు వస్తాయి. ఆ పువ్వు రాత్రి విచ్చుకొని తెల్లవారుజామున రాలుతుంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు బయట అడుగుపెట్టే వేళకు గూడేల స్త్రీలు, పిల్లలు బుట్టలు పట్టుకొని చెట్ల కిందికి పోతూ కనిపిస్తారు. గాలి అటు నుంచి వీస్తే బరువైన తీపి వాసన ఒకటి వీధి వరకు వస్తుంది. ఎండబెట్టిన పువ్వును కొందరు సారాకు వాడుతారు. అదే పువ్వుతో ఆదివాసీ మహిళలు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్న మాకు ఆ వాసన వేసవి రాకకు గుర్తు. కొత్తగా వచ్చిన వారిలో కొందరికి అదే వాసన తల తిప్పుతుంది. పువ్వు ఒకటే, గాలి ఒకటే. ముక్కులు మాత్రం వేరు. ఈ చిన్న సంగతిలో ఎంత పెద్ద పాఠం దాగి ఉన్నదో మాకు ఒక బాలుని వల్ల తెలిసింది. మా పొరపాటును దాచుకోకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మేము ఇచ్చిన తప్పుడు తీర్పు

అది 2023వ సంవత్సరం మార్చి, షాబాన్ మాసం. మదర్సాలో వార్షిక పరీక్షలు దగ్గరపడినందున పిల్లలు తెల్లవారకముందే లేచి పాఠాలు వల్లెవేస్తున్నారు. పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు వంటశాలలో వెచ్చగా ఉంటుందని గోడవారగా కూర్చొని చదువుకుంటున్నాడు. వంటమనిషి పాలగిన్నెను గ్యాసు పొయ్యిమీద పెట్టి, "కాస్త చూస్తుండు బేటా" అని చెప్పి వుజూకు వెళ్లాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉన్నది. తిరిగి వచ్చిన వంటమనిషి గుమ్మంలోనే కేక వేసి, బాలుణ్ణి బయటకు లాగి, సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచాడు. ఆ క్షణంలో ఎవరైనా అగ్గిపుల్ల గీసి ఉంటే ఏమి జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్లు జలదరిస్తుంది.

బాలుణ్ణి మా ముందుకు తెచ్చారు.

"నిద్రపోయావా?"

"లేదు హజ్రత్. సబఖ్ చదువుకుంటున్నాను."

"గది నిండా వాసన కొడుతుంటే ఏం చేస్తున్నావు?"

"నాకేం తెలువలేదు హజ్రత్."

పాఠం అప్పజెప్పమంటే తడబడకుండా అప్పజెప్పాడు. అంటే నిద్రపోలేదు. అయినా మాకు నమ్మకం కలగలేదు. అలమరలో ఉన్న జిందా తిలిస్మాత్ సీసా తీసి, మూత విప్పి అతని ముక్కు దగ్గర పెట్టాము. అతడు చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది తెలిసింది కదా, అదెందుకు తెలియలేదు?" అని గద్దించాము. మా దృష్టిలో సాక్ష్యం దొరికింది. తరగతి ముందు నిలబెట్టి, అబద్ధమాడినట్లు ఒప్పుకొమ్మన్నాము. బాలుడు తల వంచుకొని ఒప్పుకున్నాడు.

వారం తర్వాత పిల్లలు ఎవరో దోసెడు ఇప్పపూలు తెచ్చారు. ఒకరి తర్వాత ఒకరు వాసన చూసి, బాగుందని కొందరు, బాగాలేదని కొందరు వాదించుకుంటున్నారు. ఆ సాయంత్రం ఈ బాలుడు ఒంటరిగా మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, అందరు వాసన వాసన అంటరు గదా. అది ఎట్లుంటది? చల్లగుంటదా, మంటగుంటదా?"

మేము చేసిన పని ఏమిటో ఆ ప్రశ్న వినగానే అర్థమైంది. ఆ పసివాడు అబద్ధమాడలేదు. వాసన అనేది ఏమిటో అతనికి పుట్టుక నుంచీ తెలియదు. అందరికీ ఇంతే తెలుస్తుందని అనుకొని, పన్నెండేళ్లు మనలాగే నడిచిపోయాడు.

ముక్కులోని తాళాలు

జిల్లా కేంద్రంలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరకు తల్లిదండ్రులతో కలిసి మేమూ వెళ్లాము. ఆయన ఓపికగా చెప్పిన మాటలు, తర్వాత మేము చదివి తెలుసుకున్న సంగతులు ఇక్కడ క్రోడీకరిస్తున్నాము.

వాసన అంటే గాలిలో తేలివచ్చే అణువులు. మల్లెపూవు నుంచి, పొయ్యిమీది కూర నుంచి, తడిసిన మట్టి నుంచి కంటికి కనిపించని అణువులు లేచి మన శ్వాసతోపాటు ముక్కులోకి ప్రవేశిస్తాయి. ముక్కు లోపల పైకప్పు దగ్గర, రెండు కళ్ల మధ్యకు సరిగా వెనుక, తపాలా బిళ్ల పాటి పలుచని పొర ఉంటుంది. అందులో లక్షలాది నాడీకణాలు ఉంటాయి. ప్రతి కణం చివరన సన్నని నూగు, ఆ నూగుమీద ఒక రకమైన ప్రొటీన్లు ఉంటాయి. వీటిని గంధగ్రాహకాలు అంటారు. గ్రాహకం తాళం వంటిది, గాలిలో వచ్చే అణువు తాళంచెవి వంటిది. సరిపోయే అణువు వచ్చి తగిలితే గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. దానితో కణంలో చిన్న విద్యుత్ సంకేతం పుట్టి మెదడుకు చేరుతుంది.

ఈ తాళాలు ఎన్ని రకాలు? వాటిని తయారుచేసే ఆజ్ఞలు ఎక్కడ రాసి ఉన్నాయి? ఈ ప్రశ్నకు 1991లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ సమాధానం కనుగొన్నారు. ఎలుకల ముక్కు కణాలను పరిశీలించి, గంధగ్రాహకాలను తయారుచేసే జన్యువుల పెద్ద కుటుంబాన్ని వెలికితీశారు. ఈ కృషికి 2004లో వారిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మానవ శరీరంలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. వాటిలో దాదాపు 400 కేవలం వాసన కోసమే ఉన్నాయి. అంటే ప్రతి యాభై జన్యువులలో ఒకటి ముక్కు కొరకు కేటాయించబడింది. ఇవి కాక, ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు మూగబోయిన గంధజన్యువులు కూడా మనలో వందల సంఖ్యలో మిగిలి ఉన్నాయి. ఇతర జీవులకు ఈ సంపద మరింత ఎక్కువ. ఎలుకలో పనిచేసే గంధజన్యువులు వెయ్యికి పైగా ఉంటాయి. ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2 వేలు ఉన్నాయని జపాను శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు.

నాలుగు వందల తాళాలతో ఇన్ని వేల వాసనలను ఎలా గుర్తిస్తామని సందేహం కలగవచ్చు. అక్షరమాలను చూడండి. యాభై ఆరు అక్షరాలతోనే తెలుగులో లెక్కలేనన్ని మాటలు రాస్తున్నాము. వాసన కూడా అంతే. సాధారణంగా ఒక్కో నాడీకణం ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది. అయితే ఒక అణువు అనేక రకాల గ్రాహకాలను తట్టగలదు, ఒక గ్రాహకం అనేక అణువులకు స్పందించగలదు. ఏయే గ్రాహకాలు కలిసి మేల్కొన్నాయో చూసి మెదడు 'ఇది లవంగం', 'ఇది కుళ్లిన ఉల్లిగడ్డ' అని చదువుకుంటుంది. పదార్థం మోతాదు మారినా ఈ చదువు మారుతుంది. మల్లెపూల పరిమళంలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. అదే మోతాదు మించితే దుర్వాసన.

ఈ గ్రాహకాల ఆకారాన్ని చూడటం చాలా కాలం సాధ్యం కాలేదు. 2023లోనే తొలిసారి ఒక మానవ గంధగ్రాహకం తన వాసన అణువును పట్టుకొని ఉన్న రూపాన్ని శాస్త్రజ్ఞులు చిత్రించగలిగారు. దాని పేరు ఓఆర్51ఈ2. మేము ఒక బాలుణ్ణి వాసన తెలియలేదన్నందుకు తరగతి ముందు నిలబెట్టిన సంవత్సరమూ అదే.

ఇప్పపువ్వు, బిర్యానీ, పెద్దపులి

మా ప్రాంతపు వాసనకు మళ్లీ వద్దాము. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసిన రతన్‌లాల్ బ్రహ్మచారి అనే శాస్త్రజ్ఞుడు జంతువుల వాసనలను జీవితకాలం పరిశోధించారు. ఇప్పపువ్వుకు ఆ ప్రత్యేకమైన వాసననిచ్చేది 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థమని ఆయన, ఆయన సహచరులు గుర్తించారు. బాస్మతి బియ్యానికి సువాసననిచ్చేదీ ఇదే. ఈద్ నాడు దమ్ తీసిన డేగిసా మూత ఎత్తగానే వచ్చే ఆవిరిలో మసాలాల వెనుక ఉండే అన్నపు వాసన ఇప్పచెట్టు కింద కూడా ఉన్నదన్న మాట. వెయ్యి కోట్ల భాగాల నీటిలో ఒక్క భాగం కలిసినా మనిషి ముక్కు దీనిని పసిగట్టగలదు.

పులి తన హద్దులను గుర్తించడానికి చెట్లపై చిమ్మే ద్రవంలోనూ ఈ పదార్థమే ఉన్నదని బ్రహ్మచారి గారు చెప్పారు. 2008లో వేరొక బృందం వెతికితే అది దొరకలేదు. కనుక ఆ విషయం ఇంకా తేలవలసి ఉన్నది. కవ్వాల్ పులుల అభయారణ్యం పొరుగున ఉన్న మాకు ఈ చర్చ ఆసక్తికరం. శాస్త్రజ్ఞులు సైతం ఒకరి ముక్కును, ఒకరి పరికరాన్ని మరొకరు పరీక్షిస్తూనే ఉంటారు. తొందరపడి తీర్పు చెప్పకపోవడం వారి పద్ధతి. మేము ఆ పద్ధతి పాటించలేదు.

ఒకరి ముక్కు మరొకరికి ప్రమాణం కాదు

గంధజన్యువులలో మనిషికీ మనిషికీ మధ్య తేడాలు చాలా ఎక్కువ. ఏ ఇద్దరిని తీసుకున్నా, వారి గంధగ్రాహకాలలో దాదాపు 30 శాతం పనితీరులో వేరుగా ఉంటాయని 2014లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఒక ఉదాహరణ చూడండి. చెమటలో ఉండే ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి మూత్రపు కంపు కొడుతుంది, కొందరికి తియ్యగా ఉంటుంది, మరికొందరికి అసలు వాసనే రాదు. ఈ తేడాకు ఓఆర్7డీ4 అనే ఒకే జన్యువులోని మార్పులు చాలా వరకు కారణమని 2007లో తేలింది. కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది. దానికీ ఒక గంధజన్యువుతో సంబంధం ఉన్నదని 2012లో గుర్తించారు. 'కొత్తిమీర తీసివేయనిదే తినడు' అని మనం విసుక్కునే పిల్లవాడు మొండితనం చేస్తున్నాడని ప్రతిసారీ అనుకోనవసరం లేదు.

అత్తరు విషయం కూడా అంతే. నేడు సెంట్లలో, సబ్బులలో కస్తూరి పరిమళం కోసం గలాక్సోలైడ్ అనే కృత్రిమ పదార్థాన్ని విరివిగా వాడుతారు. అది కొందరికి ఘాటుగా, కొందరికి అతి సన్నగా అనిపించడానికి ఓఆర్4డీ6 అనే జన్యువు కారణమని 2022లో తెలిసింది. జమాఅత్‌లో మన పక్కన నిలబడిన పెద్దమనిషి అత్తరు మితిమీరి పూసుకున్నాడని మనకు అనిపించవచ్చు. ఆయన ముక్కుకు అది చాలినంత అందకపోయి ఉండవచ్చు.

ఇవి ఒకటి రెండు తాళాలు లేకపోవడం వల్ల కలిగే తేడాలు. మా విద్యార్థి సంగతి వేరు. నాలుగు వందల తాళాలు ఒకేసారి పాడుకావడం జరగదు. అన్ని వాసనలూ తెలియడం లేదంటే తాళాల వెనుక ఉన్న దారిలోనే లోపం ఉన్నదని అర్థం. స్కానింగులో అది కనిపించింది. ముక్కు నుంచి వచ్చే సంకేతాలను అందుకునే గంధకందాలు అనే మెదడు భాగాలు అతనిలో సరిగా రూపొందలేదు.

మరి జిందా తిలిస్మాత్ సీసాకు అతని కళ్లలో నీళ్లు ఎలా తిరిగాయి? దీనికి వైద్యులు చెప్పిన సమాధానం విని మేము సిగ్గుపడ్డాము. ముక్కులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి వాసన దారి. రెండవది ముఖమంతటికీ స్పర్శనిచ్చే నాడి. కర్పూరం, పుదీనా సారం, నీలగిరి తైలం, మిరపఘాటు వంటివి ఈ రెండవ నాడిని తాకి చల్లదనాన్ని, మంటను కలిగిస్తాయి. వాసన ఏమాత్రం తెలియని మనిషికి కూడా ఆ చల్లదనం, ఆ మంట తెలుస్తాయి. బాలుడు మమ్మల్ని అడిగిన 'చల్లగుంటదా, మంటగుంటదా' అన్న ప్రశ్న సరిగ్గా అతని అనుభవం నుంచి వచ్చినదే. మేము సాక్ష్యం అనుకున్నది సాక్ష్యం కానే కాదు.

ఆ తరగతికి ఆ ఏడాది మేమే యూసుఫ్ సూరా భావాన్ని బోధించాము. ఈజిప్టు నుంచి బిడారు బయలుదేరగానే హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారుని సువాసన తెలుస్తున్నదని చెప్పడం, చుట్టూ ఉన్నవారు ఆయన మాటను పాత భ్రమగా కొట్టివేయడం అందులోనిదే. అది దైవప్రవక్తకు ప్రసాదించబడిన మహిమ. దానిని జన్యువులతో కొలవడం మా ఉద్దేశం కాదు. వాసన తెలుస్తున్నదన్న వారిని నమ్మని వాళ్ల గురించి పాఠం చెప్పిన మేమే, వాసన తెలియడం లేదన్న వాణ్ణి నమ్మలేకపోయాము. అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా చేసే హెచ్చరిక బోధించేవారికే ముందుగా వర్తిస్తుంది.

కుటుంబాలు తెలుసుకోవలసినవి

కంటిచూపు తగ్గితే కళ్లద్దాలు, వినికిడి తగ్గితే యంత్రం. ముక్కు మూగబోతే ఇంట్లోవారికి కూడా తెలియదు. కనుక కొన్ని విషయాలు గమనించవలసి ఉన్నది.

పిల్లవాడు వాసనల గురించి ఎన్నడూ మాట్లాడకపోయినా, కారం, పులుపు, ఊరగాయ తప్ప మిగతా రుచులపై ఆసక్తి చూపకపోయినా ఒకసారి పరీక్షించండి. కళ్లు మూయించి కాఫీపొడి, లవంగం, సబ్బు ఒకదాని తర్వాత ఒకటి దగ్గర పెట్టి అడగండి. ఘాటైన తైలాలతో మాత్రం పరీక్షించవద్దు, మాలాగే మోసపోతారు. పుట్టుకతో వాసన తెలియని పిల్లలను తప్పక వైద్యునికి చూపించాలి. యౌవనారంభానికి ఆజ్ఞనిచ్చే కణాలు గర్భస్థ దశలో ముక్కు ప్రాంతంలోనే పుట్టి, గంధనాడుల వెంటనే మెదడులోకి ప్రయాణిస్తాయి. ఆ దారి సరిగా లేకపోతే కొందరిలో ఎదుగుదల ఆలస్యమవుతుంది. సకాలంలో గుర్తిస్తే దానికి చికిత్స ఉన్నది.

వయసు మీరినకొద్దీ ఘ్రాణశక్తి తగ్గడం సహజం. కూరలో రుచి లేదని కోడలిపై కోపగించుకునే అత్తగారు, అడుగంటిన పాలను గమనించని అమ్మమ్మ నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోకండి. మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం వాసనే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్ని మాత్రమే. అయితే వాసన బాగా తగ్గిపోవడం కొందరిలో పార్కిన్సన్ వంటి జబ్బులకు ఏళ్ల ముందే కనిపించే గుర్తు కూడా కావచ్చు. అందుచేత 'ముసలితనం' అని తోసివేయక వైద్యునికి చెప్పడం మంచిది.

కరోనా కాలంలో ఎంతోమంది రాత్రికి రాత్రే వాసన కోల్పోయారు. ఆ వైరసు ముఖ్యంగా దాడిచేసింది గంధనాడీకణాల పైన కాదు, వాటిని ఆదుకునే పక్క కణాల పైన అని 2020లో పరిశోధకులు గుర్తించారు. గంధనాడీకణాలకు మరొక విశేషం ఉన్నది. అవి జీవితాంతం పాతవి రాలి కొత్తవి పుడుతూ ఉంటాయి. అందుకే ఎక్కువమందికి వాసన తిరిగి వచ్చింది. జలుబు, జ్వరం తర్వాత వాసన తగ్గినవారికి వైద్యులు ఒక సాధన చెబుతారు. గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి అనే నాలుగు వాసనలను రోజూ ఉదయం, సాయంత్రం కొద్ది క్షణాల చొప్పున శ్రద్ధగా ఆఘ్రాణించడం. కనీసం మూడు నెలలు చేయాలి. అందరికీ పూర్తి ఫలితం రాకపోవచ్చు గాని హాని లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్యాసు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. అది కారితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే దుర్వాసన పదార్థాన్ని కావాలని కలుపుతారు. వాసన తెలియని వారికి ఆ హెచ్చరిక అందదు. అటువంటివారు ఉన్న ఇంట్లో గ్యాసు కారితే మోగే పరికరం పెట్టుకోవాలి. నిల్వ ఉన్న ఆహారాన్ని వారు తినేముందు మరొకరు చూడాలి. పొయ్యి వెలుగుతున్నప్పుడు వారిని ఒంటరిగా వదలరాదు.

ముగింపు

వైద్యుని దగ్గర నుంచి వచ్చిన మరునాడు మేము అదే తరగతిలో, అదే చోట నిలబడ్డాము. ఆ బాలుడు నిజం చెప్పాడని, తప్పు మాదేనని పిల్లలందరి ముందు చెప్పి అతని క్షమాపణ కోరాము. అతడు ఏమనాలో తెలియక తల వంచుకున్నాడు, మొదటిసారి వంచుకున్నట్లే. ఆ రెండు తలవంపుల మధ్య తేడా మాకు తెలుసు.

ఇప్పుడు వంటశాలలో గ్యాసు పరికరం ఉన్నది. అతని స్నేహితులు ఇద్దరు తినేముందు పళ్లెం వాసన చూసి 'సరే' అంటారు. అది వాళ్లలో వాళ్లు ఏర్పరచుకున్న ఆట. ఆరు నెలలకొకసారి వైద్యుడు ఎదుగుదల చూస్తున్నాడు.

మొన్న ఇప్పపూలు రాలే వేళకు అతడే ఒక పువ్వు తెచ్చి మా చేతిలో పెట్టాడు. "వాసన ఎట్లుంది హజ్రత్?" అని అడిగాడు. చెప్పడానికి ప్రయత్నించాము గాని మాటలు చాలలేదు. అతడు మరో పువ్వును నోట్లో వేసుకొని, "తియ్యగుంది" అన్నాడు. అతనికి అందిన మేరకు ఆ సాక్ష్యం నిజమైనదే.